రష్యా: పొరుగుకు ఒక ముఖం, దూరానికి ఇంకో ముఖం

మీరు అడిగింది ఇది: సోవియట్ కాలంలో మాస్కో విదేశాంగ విధానాన్ని నడిపింది కమ్యూనిస్టు సిద్ధాంతమా, పాత జార్ చక్రవర్తుల నాటి రష్యా ప్రయోజనాలేనా? 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక నిజంగా ఏమన్నా మారిందా, జెండా ఒక్కటే మారిందా? మనకు రష్యా ఇంకా పాత స్నేహితుడేనా అని చివర్లో ఇంకో ప్రశ్న కూడా వేశారు. డిగ్రీ, పీజీ పిల్లలకు చాలా ఏళ్లు అంతర్జాతీయ సంబంధాలు చెప్పాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేది. గైడ్లలో దీనికి రెండు రెడీమేడ్ జవాబులుంటాయి: సిద్ధాంతమే అంతా అని ఒకటి, సిద్ధాంతం ఒట్టి ముసుగు అని ఇంకొకటి. రెంటికీ మార్కులు పడతాయి. కానీ రష్యా పేరెత్తితే పోలెండ్ వాళ్లు ఎందుకు మండిపడతారో, మనవాళ్లు ఎందుకు మెత్తబడతారో మాత్రం ఆ రెంటిలో దేనితోనూ అర్థం కాదు.

నేను చెప్పే పద్ధతి వేరు. గీతను 1991 దగ్గర కాకుండా మ్యాప్ మీద గీయండి. రష్యా సరిహద్దును ఆనుకుని ఉన్న దేశాలు ఒక పక్క, దూరంగా ఉన్నవి ఇంకో పక్క. పొరుగు దేశాలతో జార్లు, స్టాలిన్, పుతిన్ ఇంచుమించు ఒకేలా ఉన్నారు. దూరదేశాల విషయంలో కమ్యూనిజం చాలా పెద్ద తేడా తెచ్చింది, అది పోయాక ఆ తేడా కూడా పోయింది. మనం చూసింది దూరపు ముఖం. పోలెండ్, ఫిన్లాండ్, హంగరీ చూసింది దగ్గరి ముఖం.

ముందు పొరుగు సంగతి చూద్దాం.

1917 నవంబరులో బోల్షెవిక్కులు, అంటే లెనిన్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు, అధికారంలోకి వచ్చారు. విదేశాంగ కమిసార్ (అంటే మంత్రి) అయిన ట్రాట్‌స్కీ మొదట చేసిన పనుల్లో ఒకటి, జార్ ప్రభుత్వ బీరువాల్లోని రహస్య ఒప్పందాలు బయటికి తీసి పత్రికల్లో అచ్చు వేయించడం. వాటిలో 1915 నాటి బేరం ఒకటుంది. యుద్ధం గెలిస్తే కాన్‌స్టాంటినోపుల్, దాంతోపాటు నల్లసముద్రం నుంచి బయటికి దారి ఇచ్చే జలసంధులు రష్యాకు దక్కాలని బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పుకున్నాయి. సామ్రాజ్యవాదుల దొంగ బేరాలకు ఇదే సాక్ష్యమని బోల్షెవిక్కులు లోకానికి చాటారు. 23 ఏళ్ల తర్వాత, 1940 నవంబరులో, అదే కార్మిక రాజ్యపు విదేశాంగ కమిసార్ మొలటోవ్ బెర్లిన్ వెళ్లి హిట్లర్‌తో మంతనాలు జరిపాడు. ఆ నెలాఖరులో మాస్కో రాసి పంపిన షరతుల్లో అవే జలసంధుల దగ్గర ఒక సైనిక స్థావరం కావాలన్నది ఒకటి. హిట్లర్ వాటికి జవాబే ఇవ్వలేదు. డిసెంబరు 18న రష్యా మీద దాడికి సిద్ధం కమ్మని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. యుద్ధం గెలిచాక 1946లో స్టాలిన్ ఆ జలసంధుల రక్షణలో వాటా కావాలని టర్కీని నేరుగా ఒత్తిడి చేశాడు. 1953లో స్టాలిన్ పోయిన మూడు నెలల్లోపే మాస్కో ఆ కోరిక వదులుకుంటున్నట్టు చెప్పింది. ఏం లాభం? టర్కీ అంతకు ముందు ఏడాదే నాటోలో చేరిపోయింది.

పొరుగుదేశాన్ని భయపెట్టి, అది వెళ్లి శత్రువు పంచన చేరాక తల పట్టుకోవడం రష్యాకు ఈనాటి అలవాటు కాదు.

ఒకరి మీద ఒకరు దాడి చేసుకోబోమని సోవియట్, హిట్లర్ జర్మనీ చేసుకున్న 1939 ఆగస్టు 23 నాటి మొలటోవ్-రిబ్బెన్‌ట్రాప్ ఒప్పందం గురించి మీకు తెలిసే ఉంటుంది, వివరాల్లోకి పోను. ఒక్కటి గమనించండి. నాజీలకు వ్యతిరేకంగా పాశ్చాత్య దేశాలతో పొత్తు కోసం ఏళ్ల తరబడి తిరిగిన విదేశాంగ కమిసార్ లిట్వినోవ్‌ను ఆ ఏడాది మే నెలలో తప్పించి మొలటోవ్‌ను కూర్చోబెట్టారు. నాలుగు నెలలు తిరక్కుండానే పోలెండ్‌ను చెరి సగం పంచుకునే రహస్య పత్రం మీద సంతకాలు అయ్యాయి. అప్పటిదాకా నాజీలను తిట్టిపోసిన ప్రపంచంలోని కమ్యూనిస్టు పార్టీలన్నీ రాత్రికి రాత్రి మాట మార్చాల్సి వచ్చింది. సిద్ధాంతమూ సరిహద్దూ ఢీకొంటే ఏది గెలుస్తుందో తేల్చిన రోజు అది. ఆ రహస్య పత్రం అసలు లేనే లేదని మాస్కో యాభై ఏళ్లు బుకాయించింది. 1989 డిసెంబరులో, చివరి సోవియట్ అధినేత గోర్బచేవ్ హయాంలోనే ఒప్పుకుంది.

పొరుగువాళ్ల నుంచి రష్యా అసలు కోరిందేమిటో తెలియాలంటే ఫిన్లాండ్, ఆస్ట్రియాలను చూడాలి. ఫిన్లాండ్ రెండుసార్లు సోవియట్‌తో యుద్ధం చేసి ఓడింది. అయినా అక్కడ ఎన్నికలు జరిగాయి, రకరకాల పార్టీలు ఉన్నాయి, ప్రైవేటు ఆస్తి ఉంది. 1948లో మాస్కోతో ఒక ఒప్పందం రాసుకుంది: తన నేల మీదుగా జర్మనీ దాడికి వస్తే అడ్డుకోవాలి, సోవియట్‌కు వ్యతిరేకమైన కూటముల్లో చేరకూడదు. అంతే. ఆస్ట్రియాకు సోవియట్‌తో ఉమ్మడి సరిహద్దు లేకపోయినా 1945 నుంచి అక్కడ ఎర్రసైన్యం ఉంది. 1955లో ఆ దేశం తటస్థంగా ఉంటానని మాట ఇవ్వగానే సైన్యం సర్దుకుని వెళ్లిపోయింది. ఈ రెండు చోట్లా కమ్యూనిజం రుద్దలేదు. అడిగింది ఒకటే, నువ్వు ఎవరి జట్టులో చేరాలో నన్ను అడిగి చేరు అని. జార్ అయినా ఇదే అడిగేవాడు, ఈ రోజు క్రెమ్లిన్ అడుగుతున్నదీ ఇదే.

అయితే 1968 చెకోస్లోవేకియా దగ్గర నా సూత్రం కొంచెం కుంటుతుంది, దాచడం ఎందుకు. అక్కడి కమ్యూనిస్టు నాయకుడు దుబ్చెక్ సోవియట్ సైనిక కూటమి అయిన వార్సా కూటమిని వదులుతానని ఎన్నడూ అనలేదు, విధేయంగా ఉంటామని పదే పదే చెప్పాడు. అయినా ఆగస్టు 20 రాత్రి ట్యాంకులు దిగాయి. అక్కడ భయపెట్టింది సెన్సార్ ఎత్తేసిన పత్రికలు. ఆ గాలి ఉక్రెయిన్ మీదుగా మాస్కో దాకా వస్తుందని అప్పటి సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ బృందం బెంబేలెత్తింది. అంటే పొరుగున కూడా సిద్ధాంతానికి కొంత పాత్ర ఉంది. ఏకపార్టీ పాలన పక్కింట్లో కూలిపోతే తమ ఇంట్లో ఏం చెప్పుకోవాలన్న బెంగ అది. ఆ బెంగ ఇప్పుడు లేదనుకోకండి. కీవ్‌లో 2004లోనూ 2014లోనూ జనం వీధుల్లోకి వచ్చినప్పుడు క్రెమ్లిన్‌కు పట్టిన టెన్షన్‌లో నాటో భయం ఎంతో, ఇది అంత.

ఇప్పుడు కాస్త ఆగి ఒక ఫోన్ కాల్ గురించి చెబుతాను. సోవియట్ పతనం తర్వాత బయటపడ్డ రికార్డుల్లో నన్ను ఇంతగా పట్టి కుదిపింది ఇంకోటి లేదు.

1979 మార్చిలో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో ప్రభుత్వం మీద తిరుగుబాటు లేచింది. కాబూల్‌లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు తరకీకి సోవియట్ ప్రధాని కోసిగిన్ ఫోన్ చేశాడు. మధ్యలో దుబాసీ. కార్మికుల్లో మీకు మద్దతు లేదా అని కోసిగిన్ అడిగితే, హెరాత్‌లో కార్మికులు ఓ వెయ్యో రెండు వేలో ఉంటారని తరకీ చెప్పాడు. మా దేశంలో చదువుకుని వచ్చిన మీ సైనికాధికారులు వందల మంది ఉండాలి కదా, వాళ్లేమయ్యారని అడిగితే, వాళ్లలో ఎక్కువమంది మతఛాందసులే, నమ్మలేమన్నాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు. మీ ఉజ్బెక్, తాజిక్, తుర్క్‌మెన్ సైనికులకు అఫ్గాన్ యూనిఫాం తొడిగి ట్యాంకులెక్కించి పంపండి, ఎవరూ గుర్తుపట్టరు. కోసిగిన్ ఒప్పుకోలేదు. మిమ్మల్ని నిరాశపరచాలని కాదు గానీ ఇది దాగదు, రెండు గంటల్లో లోకమంతా తెలిసిపోతుంది అన్నాడు. ఆ రోజుల్లోనే జరిగిన పొలిట్‌బ్యూరో సమావేశాల్లో గూఢచార సంస్థ కేజీబీ అధిపతి ఆంద్రొపోవ్, విదేశాంగ మంత్రి గ్రొమికో కూడా సైన్యం పంపొద్దనే వాదించారు. అమెరికాతో ఇన్నేళ్లు కష్టపడి సాధించిన సయోధ్య అంతా గాలికి పోతుందని గ్రొమికో హెచ్చరించాడు.

తొమ్మిది నెలల్లో అంతా తిరగబడింది. అక్టోబరులో తరకీని అతని సహచరుడు అమీనే చంపించాడు. అమీన్ రేపో మాపో అమెరికా వైపు దూకుతాడని కేజీబీకి అనుమానం పట్టుకుంది. డిసెంబరు 12న నిర్ణయం జరిగింది. ఆ కాగితం పొలిట్‌బ్యూరో సభ్యుడు చెర్నెంకో చేతిరాతలో ఉంది. దేశం పేరు కూడా రాయలేదు, “ఎ” పరిస్థితి గురించి అని మాత్రమే శీర్షిక. మార్చిలో కాదన్న ఆంద్రొపోవ్, గ్రొమికో ఇప్పుడు అవునన్నారు. ఆ కాగితం మీద కోసిగిన్ సంతకం లేదు. డిసెంబరు 27 సాయంత్రం కాబూల్‌లో అమీన్ ఉన్న భవనం మీద దాడి జరిగింది. ఆ దాడిలో పాల్గొన్న ఒక బెటాలియన్‌లో ఉన్నది ఉజ్బెక్, తాజిక్, తుర్క్‌మెన్ సైనికులు. వాళ్లు వేసుకున్నవి అఫ్గాన్ యూనిఫాంలు. తరకీ మార్చిలో అడిగింది సరిగ్గా ఇదే.

2014 ఫిబ్రవరిలో క్రిమియాలో గుర్తులు లేని ఆకుపచ్చ యూనిఫాంలతో సైనికులు ప్రత్యక్షమైనప్పుడు నాకు ఆ ఫోన్ కాలే గుర్తొచ్చింది. వాళ్లు స్థానిక ఆత్మరక్షణ దళాలని, అలాంటి యూనిఫాంలు షాపుల్లో ఎవరైనా కొనుక్కోవచ్చని పుతిన్ మార్చిలో అన్నాడు. ఏప్రిల్‌లో మా సైనికులేనని ఒప్పుకున్నాడు. ఈ రెండు ఘటనల మధ్య ఒక పెద్ద తేడా కూడా ఉంది. బ్రెజ్నెవ్ కాలంలో, ఎంత ముసలి గుంపు అయినా, ఒక విషయం మీద నెలల తరబడి వాదించుకునే గది ఒకటి ఉండేది. ఆ గది చివరికి తప్పు నిర్ణయమే చేసిందనుకోండి. కానీ మార్చిలో వద్దని చెప్పగలిగింది. 2022 ఫిబ్రవరి 21న క్రెమ్లిన్‌లో జరిగిన రష్యా భద్రతామండలి సమావేశం టీవీలో చూపించారు. విదేశీ గూఢచార సంస్థ అధిపతి నరిష్కిన్ పుతిన్ ఎదుట నిలబడి నీళ్లు నమిలాడు, పుతిన్ అతన్ని అందరి ముందూ సరిగ్గా చెప్పమని నిలదీశాడు. పార్టీ పోవడం వల్ల విదేశాంగ విధానంలో వచ్చిన అసలు మార్పుల్లో ఇదొకటి. దీన్ని పాఠ్యపుస్తకాలు పట్టించుకోవు.

ఇక దూరపు ముఖం. ఇక్కడే మన కథ వస్తుంది.

దూరదేశాల్లో సోవియట్ యూనియన్‌కు జార్లకు లేని ఆస్తి ఒకటుండేది: పిలవకుండానే వచ్చి పక్కన నిలబడే మనుషులు. ప్రతి దేశంలోనూ ఒక పార్టీ, పత్రికలు, కార్మిక సంఘాలు. అయితే మాస్కో ఆ మనుషుల కోసం తన రాజ్య ప్రయోజనాలు వదులుకోలేదు. 1951 ఫిబ్రవరిలో భారత కమ్యూనిస్టు పార్టీ నుంచి నలుగురు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్. నలుగురిలో ఇద్దరు మన ఆంధ్రా వాళ్లు. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. చైనా దారిలో వెళ్లగలమా అన్నది వాళ్ల ప్రశ్న. స్టాలిన్ జవాబు కుండబద్దలు కొట్టినట్టుంది. చైనా వాళ్లకు మంచూరియాలో వెన్నుదన్నుగా సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అలాంటి సరిహద్దు లేదు. పైగా మీ దేశంలో రైల్వేలు ఎక్కువ, సైన్యం ఎక్కడికైనా త్వరగా చేరుతుంది. ఉత్త గెరిల్లా పోరుతో గెలవలేరు. ఆ అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. విరమణకు కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, ఆ చర్చ వేరు. నేను చెప్పేదల్లా, ప్రపంచ విప్లవ కేంద్రంలో కూర్చున్న మనిషి కూడా ముందు చూసింది మ్యాప్‌నే అని.

స్టాలిన్ తర్వాత వచ్చిన కృశ్చేవ్ దూరదేశాలను ఇంకోలా చూశాడు. విప్లవం రావాల్సిన పని లేదు, అమెరికా పక్షాన లేకపోతే చాలు. 1955 ఫిబ్రవరిలో భిలాయ్ ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. రెండున్నర శాతం వడ్డీ, పన్నెండేళ్ల వాయిదాలు, అదీ రూపాయల్లో చెల్లించవచ్చు. డాలర్లకు కటకటలాడే దేశానికి ఈ చివరి షరతు ఎంత విలువైనదో ఆ తరం వాళ్లనడగండి. హైదరాబాద్‌లోని ఐడీపీఎల్ మందుల కర్మాగారం సోవియట్ సాయంతోనే వచ్చింది. ఈ రోజు హైదరాబాద్ మందుల పరిశ్రమకు పేరు తెచ్చిన అంజిరెడ్డి లాంటి వాళ్లు మొదట పని నేర్చుకున్నది అక్కడే. విశాఖ ఉక్కుకు 1979లో ఒప్పందం జరిగింది. 1988లో సోవియట్ అణుజలాంతర్గామిని అద్దెకు తెచ్చి ఐఎన్‌ఎస్ చక్ర అని పేరు పెట్టి విశాఖలోనే ఉంచారు. అప్పటిదాకా ఏ దేశమూ ఇంకో దేశానికి అణుజలాంతర్గామిని అద్దెకిచ్చింది లేదు. ఇక మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన పిల్లల పుస్తకాల సంగతి యాభై దాటిన వాళ్లలో చాలామందికి చెప్పక్కర్లేదు. తెలుగు పిల్లల కోసం రష్యాలో బొమ్మల పుస్తకాలు అచ్చేసిన విదేశాంగ విధానాన్ని ఏ జారూ చేయలేదు, పుతిన్ కూడా చేయడం లేదు. సిద్ధాంతం ఒట్టి ముసుగు అనేవాళ్లు దీనికి జవాబు చెప్పలేరు.

ఐక్యరాజ్యసమితిలో మన పక్షాన సోవియట్ వేసిన వీటోలు అందరికీ తెలిసినవే: కశ్మీర్ మీద 1957లో, 1962లో, గోవా మీద 1961లో, బంగ్లాదేశ్ యుద్ధంలో 1971 డిసెంబరులో మూడు సార్లు. మన వైపు నుంచీ అలాంటివి కొన్ని జరిగాయి. 1956లో హంగరీలో ఐరాస పర్యవేక్షణలో ఎన్నికలు జరగాలన్న తీర్మానానికి వ్యతిరేకంగా భారత్ సోవియట్ కూటమితో కలిసి ఓటేసింది. బుడాపెస్ట్ వాళ్లకు అది ఎలా కనిపించి ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

దూరాన మాస్కో ఎంత సర్దుకుపోయేదో చెప్పడానికి ఈజిప్ట్ చాలు. కోట్ల ఖరీదు చేసే ఆయుధాలు ఇచ్చాక, 1972 జులైలో అధ్యక్షుడు సాదత్ సోవియట్ సైనిక సలహాదారులను వేల సంఖ్యలో దేశం వదిలి పొమ్మన్నాడు. మారు మాట లేకుండా పోయారు. అదే పని ఏ హంగరీయో చేసి ఉంటే? యుగోస్లావియా 1948లోనే ఎదురు తిరిగి బతికిపోయింది నిజమే. ఆ దేశానికి సోవియట్‌తో ఉమ్మడి సరిహద్దు లేదన్నది మర్చిపోకండి.

ఇప్పుడు 1991 తర్వాతకు వద్దాం. మొదటి రెండేళ్లు నిజంగానే వేరు. విదేశాంగ మంత్రి కోజిరెవ్ పశ్చిమ దేశాలతో కలిసిపోవాలన్నవాడు. ఆ కాలం ఎంత పెళుసుగా ఉండిందో చూపే ఘటన 1992 డిసెంబరు 14న స్టాక్‌హోంలో జరిగింది. యూరప్ విదేశాంగ మంత్రుల సభలో కోజిరెవ్ లేచి మాట్లాడాడు. పాత సోవియట్ నేల అంతా మా ప్రయోజనాల పరిధి, వాటిని కాపాడుకోవడానికి సైనికంగా, ఆర్థికంగా ఉన్న అన్ని సాధనాలూ వాడతాం, సెర్బియాకు మా అండ ఉంటుంది అన్నాడు. సభ బిక్కచచ్చిపోయింది. అమెరికా విదేశాంగ మంత్రి ఈగల్‌బర్గర్ కంగారుపడి అతన్ని పక్కకు తీసుకెళ్లి అడిగాడు. గంట తిరక్కుండానే కోజిరెవ్ మళ్లీ వేదికెక్కి, ఇదంతా ఉత్తుత్తిదే, మా దేశంలో ప్రతిపక్షం అధికారంలోకి వస్తే మీరు వినబోయే ప్రసంగం ఇలా ఉంటుందని చూపించానంతే అని చెప్పాడు. మీకు పుతిన్ ప్రసంగాలు పరిచయమైతే ఆ నాటకంలో ఏ వాక్యం ఎప్పుడు నిజమైందో గుర్తించడం కష్టం కాదు. 1996లో కోజిరెవ్ పోయి ప్రిమకోవ్ రాగానే ఆ స్వరం చాలావరకు అధికారికమైపోయింది. అప్పటికి పుతిన్ పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్ బయట పెద్దగా ఎవరికీ తెలియదు. అందుకే ఇదంతా ఒక్క పుతిన్ బుర్రలోంచి పుట్టిందంటే నేను ఒప్పుకోను.

నాటో గురించి మాట ఇచ్చి తప్పారా అని చాలామంది అడుగుతారు. 1990 ఫిబ్రవరి 9న అమెరికా విదేశాంగ మంత్రి బేకర్ మాస్కోలో గోర్బచేవ్‌తో, నాటో పరిధి తూర్పుకు ఒక్క అంగుళం కూడా జరగదని నోటిమాటగా అన్నాడు. అది తూర్పు జర్మనీ గురించి సాగిన సంభాషణ. సెప్టెంబరు 12న సంతకాలైన ఒప్పందంలో తూర్పు జర్మనీ నేల మీద విదేశీ సైన్యం, అణ్వాయుధాలు ఉండకూడదని ఉంది. పోలెండ్, హంగరీల గురించి ఒక్క ముక్క లేదు. గోర్బచేవ్ రాయించుకోలేదు, పశ్చిమ దేశాలు రాయలేదు. మోసపోయామన్న భావన మాస్కోలో నిజంగానే ఉంది, దాన్ని కొట్టిపారేయను. కానీ రాసుకున్న కాగితం ఒకటి వేరే ఉంది. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో, ఉక్రెయిన్ తన నేల మీదున్న అణ్వాయుధాలు వదులుకున్నందుకు బదులుగా ఆ దేశ సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు చేశాయి. నోటిమాట తప్పారని ఫిర్యాదు చేసే పక్షం, రాతమాట ఏమైందని అడిగితే తడుముకుంటుంది. మీరు వ్యాసం రాసేటప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి, ఒకటి దాచి ఇంకొకటి రాయొద్దు.

దూరాన మాత్రం కథ తలకిందులైంది. దానికి సాక్ష్యం మన శ్రీహరికోట. 1991 జనవరిలో సోవియట్ సంస్థ గ్లవ్‌కాస్మోస్‌తో ఇస్రో క్రయోజెనిక్ ఇంజన్ల (అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజన్ల) ఒప్పందం చేసుకుంది. ఇంజన్లతోపాటు టెక్నాలజీ కూడా ఇవ్వాలి. ఏడాది తిరక్కుండా ఆ దేశమే లేకుండా పోయింది. 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా టెక్నాలజీ ఇవ్వలేమని చేతులెత్తేసి, రెడీమేడ్ ఇంజన్లు ఏడు ఇస్తామంది. వాటిలో ఒకదానితో 2001 ఏప్రిల్‌లో మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచింది. సొంత ఇంజన్‌తో విజయం 2014 జనవరి దాకా రాలేదు. అదే 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ఢిల్లీ వచ్చి కొత్త స్నేహ ఒప్పందం మీద సంతకం చేశాడు. 1971 నాటి భారత్-సోవియట్ స్నేహ ఒప్పందంలో ఉన్న, ఒకరి మీద దాడి జరిగితే వెంటనే సంప్రదించుకోవాలన్న నిబంధన దాంట్లోంచి మాయమైంది. 2001లో పుతిన్ క్యూబాలోని నిఘా కేంద్రం, వియత్నాంలోని కామ్ రాన్ స్థావరం మూసేస్తున్నట్టు ప్రకటించాడు. పుతిన్ అంటే సోవియట్‌ను మళ్లీ కట్టాలనుకునేవాడు అనుకునేవాళ్లు ఈ విషయం దాటేస్తారు. దూరంలో అతను ఖర్చు తగ్గించుకున్నాడు, మనసంతా పొరుగు మీదే. 2015లో సిరియాకు విమానాలు పంపడం నాకు తెలిసి దీనికి పెద్ద మినహాయింపు. 2024 డిసెంబరులో సిరియా అధ్యక్షుడు అసద్ కూలిపోతుంటే రష్యా అతనికి మాస్కోలో ఆశ్రయమిచ్చిందే గానీ నిలబెట్టలేకపోయింది.

పొరుగున రష్యా సైన్యం నడిచింది 2008లో జార్జియా మీదికి, 2014లో క్రిమియా మీదికి, 2022లో మొత్తం ఉక్రెయిన్ మీదికి. తేదీలు మీకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. సిద్ధాంతం ప్రశ్నకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. 2022 ఫిబ్రవరి 21 ప్రసంగంలో పుతిన్ ఆధునిక ఉక్రెయిన్‌ను సృష్టించింది బోల్షెవిక్కులేనని లెనిన్‌ను తిట్టిపోశాడు. 1922లో యూనియన్ ఏర్పడేటప్పుడు రిపబ్లిక్కులన్నీ రష్యాలో స్వయంప్రతిపత్తి ప్రాంతాలుగా కలవాలని స్టాలిన్ అంటే, సమాన హోదాతో, విడిపోయే హక్కుతో కలవాలని లెనిన్ పట్టుబట్టాడు. పుతిన్ కోపం ఆ హక్కు మీద. కాబట్టి ఇప్పటి విధానాన్ని కమ్యూనిజం కొనసాగింపు అనడం పొరపాటు. లెనిన్ పెట్టిన ఆ ఒక్క మెలిక విప్పేయాలన్నది దాని తాపత్రయం. ఫలితం మాత్రం పాతదే. డెబ్బై అయిదేళ్లు ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా కూర్చున్న ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. నాటోతో రష్యాకు 1,300 కిలోమీటర్లకు పైగా కొత్త సరిహద్దు వచ్చిపడింది.

మరి చైనా పొరుగు కాదా అంటారేమో. పొరుగే. 1969 మార్చిలో ఉస్సూరీ నదిలోని దమాన్‌స్కీ దీవి కోసం రెండు కమ్యూనిస్టు దేశాలూ కాల్చుకున్నాయి. 2008 నాటికి రష్యా అదే సరిహద్దులో ఒక దీవి మొత్తాన్నీ, ఇంకోదాంట్లో సగాన్నీ చైనాకు అప్పగించి గొడవ తేల్చుకుంది. క్రిమియా కోసం లోకంతో తలపడిన ప్రభుత్వమే అంతకు ముందు ఆ దీవులను కిమ్మనకుండా ఇచ్చేసింది. బలమున్న పొరుగుతో లెక్కలు వేరు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత చమురుకు చైనానే పెద్ద ఖాతాదారు కాబట్టి ఆ లెక్కలు ఇంకా ఒక పక్కకు ఒరిగాయి.

ఇక మీ చివరి ప్రశ్న, మనకు పాత స్నేహితుడేనా అని. ఆయుధాల విడిభాగాలు, అణువిద్యుత్, అంతర్జాతీయ వేదికల మీద ఒకరినొకరు ఇరుకున పెట్టకపోవడం, ఇవి ఇంకా ఉన్నాయి. కానీ దాన్ని నడిపించిన పాత ఇంజన్ లేదు. 2022కు ముందు మనం దిగుమతి చేసుకునే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం అటూ ఇటూగా ఉండేది. 2023లో మూడో వంతుకు చేరింది, డిస్కౌంట్ వచ్చింది కాబట్టి. ఇక్కడ భిలాయ్ రోజులతో పోల్చి చూడండి. అప్పట్లో సోవియట్ వాళ్లు మన రూపాయలు తీసుకుని, ఆ రూపాయలతోనే మన టీ, బట్టలు, మందులు కొనుక్కుని వెళ్లేవాళ్లు. వాళ్లకు అవి అక్కరకొచ్చేవి, మనకు డాలర్ ఖర్చు ఉండేది కాదు. 2023 మే నెలలో రష్యా విదేశాంగ మంత్రి లవ్రోవ్ గోవాలో విలేకర్లతో మాట్లాడుతూ, భారత బ్యాంకుల్లో మా రూపాయలు వందల కోట్లలో పడి ఉన్నాయి, వాటిని ఎలా వాడుకోవాలో తెలియడం లేదని వాపోయాడు. కొనడానికి మన దగ్గర వాళ్లకు కావలసిన సరుకు సరిపడా లేదు, ఆ రూపాయలను ఇంకో కరెన్సీలోకి మార్చుకోవాలి. అప్పటికే చమురు డబ్బు కొంత దుబాయ్ దిర్హామ్‌లలో చెల్లించడం మొదలైంది.